అప్పన్న అప్పీలు

నిన్న పోస్టాఫీసులో రిజిస్టరు పార్సిలు ఇస్తుంటే, కౌంటరు అవతల గుమాస్తా లక్క కరిగించి ముడుల మీద బొట్లు బొట్లుగా వేశాడు. కాలిన లక్క వాసన తగలగానే నా చెయ్యి దానంతటదే ముందుకెళ్ళి, ముద్ర సరిగా పడిందో లేదో తడిమి చూసింది. "మా మీద నమ్మకం లేదా బాబూజీ?" అని ఆ కుర్రాడు హిందీలో నవ్వుతూ అడిగాడు. నవ్వి రసీదు తీసుకున్నాను. నిజానికి ఆ అలవాటు నాది కాదు. బిలాస్‌పూరు కోర్టులో ఎన్నో ఏళ్ళు అప్పీళ్ళు నడిపిన కూర్మారావు ప్లీడరు గారిది.

ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన్ని చూసినవాళ్ళు ఈ ఊళ్ళోనే నలుగురైదుగురు కూడా మిగిలి ఉండరు. పొట్టి మనిషి, పీలగా ఉండేవారు. మోచేతుల దగ్గర మెరుపు తేలిన నల్లకోటు ఒకటే వేసుకునేవారు. ఆయన తండ్రి రైలు కట్ట వేసే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి తార్‌బహార్ పేటలో ఇల్లు కట్టుకున్నాడట. కోర్టు నుంచి తీర్పు నకలు వస్తే కూర్మారావు గారు ముందు దాని లక్క ముద్రని వెలుగుకి పెట్టి చూసేవారు. తర్వాత పుటలు లెక్కపెట్టేవారు. ఆ పైన చివరి పుట నుంచి వెనక్కి చదువుకుంటూ వచ్చేవారు. తీర్పులో 'సహజంగానే' అనే మాట కనబడితే దాని కింద గీత గీసి, "ఇక్కడ సాక్ష్యం లేదన్నమాట" అనేవారు. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూడకుండా లోపలికి పంపింది లేదని ఊళ్ళో చెప్పుకునేవారు. అది అబద్ధం కాదని నాకు తర్వాత తెలిసింది.

నాకు ఆయనతో పరిచయం అయ్యేనాటికి ఇరవై నాలుగేళ్ళు. రెండో యుద్ధానికి కొంచెం ముందు మాట. రైల్వే గూడ్సు ఆఫీసులో టెంపరరీ గుమాస్తాగా ఉండేవాణ్ణి. అదే యార్డులో అప్పన్న అని మా ఉత్తరాంధ్ర మనిషే కావలి ఉండేవాడు. ఊరు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు, హిందీలో నాలుగు ముక్కలు రావు. ఒకరోజు పొద్దున్న ఒక గూడ్సు పెట్టెకి వేసిన సీలు తెగి ఉంది. లోపల ఉండవలసిన బట్టల పెట్టె ఒకటి లేదు. అప్పన్న ఆ గూడ్సు పెట్టెలోంచి దిగడం చూశానని షంటింగు మనిషి ఒకడు చెప్పాడు. దాంతో అప్పన్నని పట్టుకుపోయారు. పోయిన సామాను మాత్రం ఎక్కడా దొరకలేదు.

మేజిస్ట్రేటు కోర్టులో అప్పన్న మాట ఎవరికీ అర్థం కాలేదు. తెలుగూ హిందీ రెండూ వచ్చినవాణ్ణి పంపమంటే మా హెడ్ క్లర్కు నన్ను పంపాడు. తానూ వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. నువ్వేం చెప్పుకుంటావని మేజిస్ట్రేటు అడిగాడు. అప్పన్న బోనులో కర్ర పట్టుకుని, "సీలు నాను తెంపనేదు బాబూ. పెట్టె మట్టుకు నానే తీసినాను" అన్నాడు.

మన ఇళ్ళలో రైలు డబ్బానీ పెట్టె అంటాం, బట్టలు పెట్టుకునేదాన్నీ పెట్టె అంటాం. తలుపు తెరవడమూ తియ్యడమే, సామాను బయట పెట్టడమూ తియ్యడమే. నేను హిందీలో "సందూక్ మైనే నికాలా" అన్నాను. అంటే సామాను పెట్టెని నేనే బయటికి తీశాను అని. అప్పన్న ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. మేజిస్ట్రేటు చాలన్నట్టు చెయ్యి ఊపి రాసుకున్నాడు. కాగితం మీద అప్పన్న వేలిముద్ర, దాని కింద నా సంతకం తీసుకున్నారు. అప్పన్నకి ఏడాది కఠిన శిక్ష పడింది. బయటికి వస్తుంటే హెడ్ క్లర్కు నా భుజం తట్టి, "బాగా చెప్పావోయ్" అన్నాడు.

తర్వాతి ఆదివారం పొద్దున్న నా గది ముందు కూర్మారావు గారు నిలబడి ఉన్నారు. ఆయన వెనక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అప్పన్న భార్య పైడమ్మ ఉంది.

"కోర్టులో మాట మార్చింది మీరేనా?" అన్నారాయన.

భాష మార్చిన సంగతి అడుగుతున్నారో, మాట తారుమారు చేశానంటున్నారో తెలియలేదు. ఆయన కావాలనే ఆ మాట వాడారని ఇప్పటికీ నా నమ్మకం.

"చెప్పమన్నదే చెప్పానండి," అన్నాను.

"అచ్ఛా. ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమనలేదు. అతను అన్నది హిందీలో చెప్పాను."

"అతను ఏటన్నాడు? హిందీ ఒద్దు. అతని నోట్లో మాట అతను అన్నట్టే సెప్పండి."

చెప్పాను. ఆయన కళ్ళు నా మొహం మీంచి కదల్లేదు. వెనక నుంచి పైడమ్మ ఒక్కసారి గొంతెత్తింది. "సూసినారా బాబూ! పెట్టె అంటే బండి పెట్టె కాదేటి? తలుపు తీసి సూసినాడు, నోపల ఎవుడైనా దాగున్నాడేమో అని. ఆ మాట సెప్పబోతే ఇననేదట!"

కూర్మారావు గారు ఆమె వైపు తిరిగి, "నువ్వు సెప్పకమ్మా, నువ్వు అక్కడ నేవు" అని మందలించారు. నాతో ఇంకేమీ అనకుండా, అప్పీలుకి ముప్పై రోజులే గడువుందనీ, ఆలోచించుకుని ఇంటికి రమ్మనీ చెప్పి వెళ్ళిపోయారు.

నాకు ఆ మనిషి మీద అనుమానం పట్టుకుంది. నా చేత నా తప్పు ఒప్పించి, ఆ కాగితం పట్టుకుని అప్పన్నని విడిపించుకుని, నన్ను బోనెక్కిస్తాడనిపించింది. మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి హెడ్ క్లర్కు నన్ను పక్కకి పిలిచాడు. "నిన్న ప్లీడరు వచ్చాడటగా? నీ పర్మనెంటు కాగితం పైకి వెళ్ళి ఉంది. కోర్టులో అబద్ధం చెప్పానని నీ చేత్తో నువ్వే రాసిచ్చావంటే, నీకు జైలు తప్పదు. ఆలోచించుకో," అన్నాడు. అందులో ఒక్క మాటా కాదనడానికి లేదు. కానీ ఆదివారం నా గదికి ఎవరొచ్చిందీ ఈయనకి ఎలా తెలిసింది? పోయిన సామాను మాట ఈయన ఒక్కసారైనా ఎందుకు ఎత్తడు? ఆ రోజు నుంచి ఆఫీసులో ఎవరు మంచినీళ్ళు ఇచ్చినా ఎందుకిచ్చారా అని చూసే స్థితికి వచ్చాను. ప్లీడరుని నమ్మలేను, హెడ్ క్లర్కుని నమ్మలేను. అన్నిటికన్నా, కోర్టులో ఆ క్షణాన నా మనసులో ఏముందో దాన్ని తలుచుకోవడానికి భయపడ్డాను.

పది రోజులు అలా గడిపి, ఒక సాయంత్రం తార్‌బహార్ వెళ్ళాను. కూర్మారావు గారు నన్ను కిటికీకి ఎదురుగా, వెలుగు మొహం మీద పడేలా కూర్చోబెట్టారు. తాను గోడకి చేరగిలి నీడలో కూర్చున్నారు. రికార్డు నకలు నా ముందు పెట్టి వేలితో చూపించారు. అప్పన్న వాంగ్మూలం కింద 'చదివి వినిపించగా సరియని ఒప్పుకొనెను' అని ఉంది. దాని కింద నా సంతకం.

"చదివి వినిపించారా?"

"వినిపించానండి."

"ఏ భాషలో?"

నా సంతకం మీంచి చూపు తిప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. కలం కింద పెట్టి, నా కోసం కాకుండా తన కోసం చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టారు.

"బిల్హా దగ్గర రైతు ఒకాయనకి శిక్ష పడితే అప్పీలు నానే ఏశాను. నకల్లో ఒక పుట తగ్గింది. నాను చూడలేదు. ఆయనకి పనికొచ్చే సాక్ష్యం ఆ పుటలోనే ఉంది. అప్పీలు కొట్టేశారు. శిక్షంతా పూర్తి చేసుకుని ఒచ్చి, నాకు దండం పెట్టి ఎళ్ళాడు. తిట్టుంటే బాగుండేది. అప్పటి నుంచి ఏ కాగితాన్నీ నమ్మను. మిమ్మల్నీ నమ్మట్లేదు. అప్పన్నని కూడా నమ్మట్లేదు, దొంగే అవొచ్చు. నన్ను మీరు నమ్మాలని కూడా అడగట్లేదు. అక్కడ జరిగింది జరిగినట్టు చెప్తే చాలు."

నమ్మమని ఎవరైనా ప్రాధేయపడి ఉంటే నేను లేచి వచ్చేసేవాణ్ణి. నమ్మవద్దన్న మనిషి ముందు నాకు దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. చదివి వినిపించలేదని చెప్పాను. కోర్టు లేచే వేళైందని బంట్రోతు తొందరపెట్టాడని, నేను అప్పన్న వేలు పట్టుకుని ముద్ర వేయించానని చెప్పాను. ఆయన రాసుకుంటూ పోయారు. చివరికి అఫిడవిట్టు నా ముందుకు తోసి, "చదవండి. మీరు అనని మాట ఉంటే కొట్టెయ్యండి," అన్నారు.

చదివాను. ఒకచోట 'తొందరలో పొరపాటున ఒక అర్థమే చెప్పితిని' అని రాశారు. నన్ను కాపాడే మాట అది. దాని మీద వేలు పెట్టి ఆగాను. బోనులో ఆ మనిషి నోరు విప్పగానే రెండు అర్థాలూ నాకు తట్టాయి. ఏదో అడుగుదామని నోటిదాకా వచ్చింది కూడా. కానీ అప్పన్నే దొంగ అని నేను అప్పటికే అనుకుని ఉన్నాను. యార్డంతా అనుకుంటున్నది అదే. వెనక బల్ల మీద హెడ్ క్లర్కు ఉన్నాడు. నా అనుమానానికి సరిపోయే అర్థం నోట్లోంచి వచ్చేసింది.

'పొరపాటున' అన్న మాట కొట్టేసి, పైన 'రెండవ అర్థము తెలిసియు అడుగక' అని రాశాను. కాగితం తిరిగిచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. ఆ సాయంత్రం మొత్తంలో మొదటిసారిగా నా మొహం వైపు కాక కిటికీ వైపు చూశారు.

"ఇది మీ మీదికి ఒస్తాది."

"తెలుసునండి."

"మళ్ళీ ఆలోచించుకోండి. రేపు పొద్దున్న సంతకం పెడుదురు గాని," అని కాగితం నాకే ఇచ్చేశారు. పారిపోవడానికి దారి వదిలారని అప్పుడు అర్థం కాలేదు. పొద్దున్నే వెళ్ళి సంతకం పెట్టాను.

సెషన్సు కోర్టులో సర్కారు ప్లీడరు నన్ను చూపించి, "ముద్దాయీ ఇతనూ ఒకే ప్రాంతం వాళ్ళు, ఒకే భాష వాళ్ళు. శిక్ష పడ్డాక జాలి పుట్టి కథ అల్లారు," అన్నాడు. జడ్జి నన్ను ముందుకి పిలిచాడు. "అక్కడ చెప్పింది నిజమా, ఇక్కడ చెప్పేది నిజమా?" "అక్కడ సగం చెప్పానండి. మిగతా సగం ఇక్కడ చెబుతున్నాను," అన్నాను. జడ్జి ఆ తెలుగు మాటని నాచేత అనిపించి, వేరే తెలుగు మనిషిని పిలిపించి అర్థం అడిగాడు. పార్సిలు ఆఫీసులో పనిచేసే ఆ ముసలాయన కాసేపు తల గోక్కుని, "ఏ పెట్టో అడగాలి బాబూ, అడక్కుండా ఎలా తెలుస్తాది?" అన్నాడు.

కూర్మారావు గారు లేచి మాట్లాడింది చాలా తక్కువ. "నా క్లయింటు నిర్దోషి అని నేను అనడం లేదు. అతను ఏమన్నాడో కింది కోర్టుకి తెలియదు. తెలియని మాట మీద ఏడాది శిక్ష వేశారు. అది తీసేస్తే షంటింగు మనిషి చూసింది ఒకటే మిగులుతుంది. కావలివాడు తాను కాసే బండిలోంచి దిగడం నేరం కాదు," అని కూర్చున్నారు. వారం తర్వాత అప్పీలు నెగ్గింది. శిక్ష కొట్టేశారు.

జైలు నుంచి వచ్చిన రోజు అప్పన్న నా గదికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఒక్క మాట అడగనా బాబూ. ఆ రోజు నాను ఏటన్నానో మీకు తెలిసిందా, తెల్నేదా?"

"తెలిసింది," అన్నాను.

తల ఊపాడు. తిట్టలేదు, దండం పెట్టలేదు. గుమ్మం దిగి వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే పైడమ్మని తీసుకుని ఊరు వెళ్ళిపోయాడని విన్నాను. హెడ్ క్లర్కు కూడా మరో స్టేషనుకి బదిలీ చేయించుకున్నాడు. ఆ రెండిట్లో దేనికైనా పోయిన సామానుతో సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. నా టెంపరరీ ఉద్యోగం ఊడింది. నా మీద కేసు పెట్టలేదు, ఎందుకు పెట్టలేదో అదీ తెలియదు.

ఉద్యోగం పోయిందని తెలిసి కూర్మారావు గారు కబురు చేశారు. ఆయన దగ్గర గుమాస్తాగా చేరాను. ఆయన పోయేదాకా అక్కడే ఉన్నాను. అన్నేళ్ళలోనూ నేను రాసిన ప్రతి నకలూ ఆయన అసలు కాగితంతో పోల్చి చూడకుండా పంపలేదు. ఒకసారి ఉక్రోషం పట్టలేక, "ఇంకా నమ్మకం కుదర్లేదాండీ?" అని అడిగాను. "కుదరనేదు," అన్నారు చూపు ఎత్తకుండా. "నువ్వు కూడా నా కాగితాలు చూడు. నిన్నటి అర్జీలో తప్పు రాశాను, నువ్వు చూడనేదు." ఆ మాట విన్నాక నా ఉక్రోషం ఏమైపోయిందో తెలియదు. ఆ రోజు నుంచి ఒకరి కాగితాలు ఒకరం దిద్దుకున్నాం. నన్ను అంత గౌరవంగా చూసిన మనిషి మరొకరు లేరు.

అప్పన్న దొంగో కాదో ఆయనకి చివరిదాకా తెలియదు. నాకూ తెలియదు. ఆ తెలియకపోవడంతో బతకడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అనుమానించడం మానమని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అనుమానం వచ్చినప్పుడు అది ఎటు మొగ్గుతోందో చూసుకోమన్నారు, అంతే. ఇప్పుడు ఈ వయసులో కూడా ఇరుగుపొరుగువాళ్ళు, బంధువులు నా దగ్గరికి వచ్చి ఫలానావాడు ఇలా అన్నాడట, అలా చేశాడట అని చెబుతూ ఉంటారు. అంతా విని, "అతను అన్న మాట మీ మాటల్లో వద్దు. అతను ఎలా అన్నాడో అలాగే చెప్పండి," అంటాను. సగం మంది అక్కడితో ఆగిపోతారు.