కురిడీల అటక మీద పండిన విల్లు

చేతితో కొయ్య విల్లులు చేసే కొత్తపేట వర్క్‌షాపులో నన్ను ఫినిషింగ్ సెక్షన్ ఇన్‌చార్జిగా వేసింది సరిగ్గా వానాకాలం మొదట్లో. పైన సూపర్‌వైజరు, కింద ఇద్దరు పాలిష్ పనివాళ్లు, మధ్యలో నేను. కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ని కాబట్టి, వచ్చినవాళ్లతో బేరాలాడే పని కూడా నాకే అప్పగించారు. నిజానికి జీతం లేకపోయినా ఆ పని చేసేవాణ్నే.

ఆ నెలలోనే ముక్తేశ్వరం నుంచి కొబ్బరి వ్యాపారి సత్తిరాజు గారు, ఆయన కూతురు భవాని మా దగ్గర కొన్న విల్లు పట్టుకుని వచ్చారు. విల్లంతా జిడ్డు, దుమ్ము. పిడి చేతిలో జారుతోంది. త్వరలో అమలాపురంలో జిల్లా విలువిద్య జట్టు ఎంపికలు. జూనియర్లలో ఆడడానికి భవానికి అదే ఆఖరి ఏడు.

“ప్రతి శుక్రవారం మా సొంత గానుగ కొబ్బరినూనె పట్టించేనండి. పిల్ల తలకి రాసినట్టే రాసేను” అన్నారాయన, మెచ్చుకోమన్నట్టు.

చిక్కు అక్కడే ఉంది. మేం వాడేది కాచిన అవిసె నూనె. అది గాలి తగిలి గట్టిపడి కొయ్యను పొరలా పట్టుకుంటుంది. దాన్ని మేం పండడం అంటాం. కొబ్బరినూనె ఎన్నాళ్లున్నా పండదు. తలకు మంచిదే, విల్లుకు కాదు. జిడ్డు టర్పెంటైన్‌తో లాగి, పాత పొర గీకి, కొత్త పూతలు వేయాలి. ఒకటి పండాకే ఇంకొకటి.

గడువు అడిగారు. తగ్గడానికి చోటుండాలి కదా అని నెల అన్నాను. ఆయన రేపు అన్నారు. నేను దిగుతూ, ఆయన ఎక్కుతూ, ఎంపికల ముందురోజు దగ్గర ఇద్దరం ఒప్పుకున్నాం. బాగా గెలిచాననుకున్నాక గుర్తొచ్చింది, పండవలసిన నూనెను ఎవరూ అడగలేదని. బయట ముసురు. వర్క్‌షాపులో గోడలు కూడా చెమ్మగిల్లి ఉన్నాయి.

అందుకని రెండో బేరం ఎత్తుకున్నాను. సత్తిరాజు గారింట్లో కురిడీల అటక ఉంది. కొబ్బరికాయలు నెలల తరబడి పీచు డొక్కలోనే ఎండి కురిడీలయ్యే ఆ అటక వానల్లోనూ వెచ్చగా, పొడిగా ఉంటుంది. విల్లును అక్కడ వేలాడదీయనివ్వమన్నాను. అవిసె వాసన కాయలకు పడితే కొనేవాడు వెనక్కి తిరిగిపోతాడన్నారాయన. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకుంటాయట కదా అని కూడా అడిగారు. అది నిజమే. పూతలు పెరట్లో రేకుల కిందే వేస్తాననీ, గుడ్డలు అక్కడే నీళ్ల బకెట్లో ముంచుతాననీ చెప్పాను. అయినా తల అడ్డంగానే ఊపారు.

భవాని మధ్యలో అందుకుంది.

“కాయలకి వాసన పడితే మనమే తిందాం నాన్నగారూ. రోజూ కొబ్బరి పచ్చడే.”

“నీకు పచ్చడంటే పడదు కదమ్మా.”

“ఆయ్, ఈసారికి తింటాను.”

దాంతో అటక దొరికింది.

సూపర్‌వైజరు అనుమతితో పని అయిపోయేదాకా ముక్తేశ్వరం తిరిగాను. నూనె పల్చగా పట్టించి, కాసేపాగి, కొయ్య తాగని నూనెంతా తుడిచేయాలి. మందంగా వదిలేస్తే పైన మీగడ కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. పూతకూ పూతకూ మధ్య ఉప్పు కాగితంతో తేలిగ్గా రుద్ది, నారి దించిన విల్లును అటక దూలానికి వేలాడదీశాం. చెయ్యి చెమట పట్టే చోటు మరీ నున్నబడితే జారుతుందని పిడికి ఆఖరి పూత వేయలేదు. మెరుపు కోసం కొసరుగా ఇంకొక పూత వేయమన్నారు సత్తిరాజు గారు. వేయలేదు.

ఎంపికల ముందురోజు బొటనవేలు అదిమి చూశాను. అంటుకోలేదు, ముద్ర పడలేదు, ఘాటు పోయింది. నారి ఎక్కించి ఇచ్చాను. భవాని పూర్తిగా లాగి కాసేపు అలాగే నిలబడింది.

“జారట్లేదండి” అంది.

మర్నాడు సాయంత్రం సత్తిరాజు గారు ఫోను చేసి, జట్టులోకి తీసుకున్నారని చెప్పారు. కాయల సంగతి అడిగాను. “తమరు అనవసరంగా భయపెట్టేరు గానీ, ఏ వాసనా పట్టలేదండి” అన్నారు. వాసన మాట మొదట ఎత్తింది ఆయనే.

రిటైరయ్యేదాకా, నూనె పనికి గడువు అడిగినవాళ్లను ఆరబెట్టే చోటు చూపించమనే అడిగాను. అక్కడి గాలి, వెచ్చదనం చూశాకే రోజు చెప్పాను. ధర మీద ఎంతసేపైనా బేరానికి కూర్చున్నాను. రోజు మీద మాత్రం కూర్చోలేదు.