‘మ’కూ ‘య’కూ మధ్య మా పిల్ల

కబురు తెచ్చిన మనిషి పడవ దిగకుండా అందులోనే నిలబడ్డాడు. అది చూసే నాకు అర్థమైంది. గూడూరు దగ్గర పల్లెబడిలో పాఠాలు చెప్పే మా పెద్దమ్మాయి, విషజ్వరంతో నెల్లూరు ఆస్పత్రిలో వాళ్ళ నాయన చేతుల్లో పోయింది. ఇది జరిగి నెల దాటింది.

ఆ బడి పెద్దపంతులుగారు పిల్లల పత్రికలో వేస్తామని, తోచింది రాయమని అడిగారు. తప్పులుంటే దిద్దుతామన్నారు. అక్షరాలు దిద్దండి, మాటలు దిద్దవద్దని చెప్పాను. నాకు ఈ నాలుగు అక్షరాలు నేర్పింది కూడా మా పిల్లే.

మాది పులికాటు చెరువు మధ్యన లంక. చేపలు పట్టే ఇల్లు. అంగడి నుంచి ఎండుమిర్చి పొట్లం తెస్తే మిర్చి నేను తీసుకునేదాన్ని, కాగితం తను తీసుకునేది. అయిదేళ్ళకే ఆ కాగితం మీదున్నది గడగడా చదివేది. ఒకసారి విన్న మాట మళ్ళీ అడిగేది కాదు. మా అత్త మాత్రం, “ఇది పిల్ల కాదమే, పంచాయతీ రేడియో. దీన్ని ఆపే మర ఎక్కడుందో చూడు” అనేది.

ఆ రేడియోలోనే ఒక సాయంత్రం ఎవరిదో ఇంటి గోల నాటకంగా వేశారు. ఊరంతా నవ్వింది. మా పిల్ల ఇంటికొచ్చి, “ఆళ్ళకంటే మనిల్లే బాగా నవ్విస్తాదమ్మా. నేను రాస్తా” అన్నది. అప్పటికి దానికి పదేళ్ళు.

రాసింది. ఎవరి వేషం వాళ్ళదే. పని చెబితే చెవులు వినబడని మా అత్త, రొయ్యలు నూనెలో పడితే మాత్రం పక్కింట్లో నుంచి లేచి వస్తుంది. పది పడవలకు వినబడేలా అరిచే మా ఆయన, తన తల్లి ముందు నిలబడితే గొంతు పెగలదు. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసింది. “ఇట్టా రాస్తే కోపాలొస్తాయి కదే” అంటే, “నవ్వేటప్పుడే నిజం చెప్పాలమ్మా. అప్పుడైతే ఎవురూ తిట్టరు” అన్నది.

ఆ నాటకం కోసమే నాకు చదువు మొదలుపెట్టింది. వంట చేసే చోట బొగ్గుతో నేల మీద అక్షరాలు రాసేది. అన్నీ వచ్చాయి గానీ ‘మ’, ‘య’ మాత్రం నాకు కవలపిల్లలే. రెండింటికీ తోక ఒకటే. అమ్మ అని ఉంటే అయ్య అని చదివేదాన్ని, అయ్య అని ఉంటే అమ్మ అనేదాన్ని. “నువ్వు నాయన్ని కూడా అమ్మను చేసేసినావే” అని పడి పడి నవ్వేది.

నవ్వే రోజులు కావవి. అయిదో తరగతి అయిపోయింది. పై చదువుకు నాయుడుపేట పోవాలి, అక్కడ మా అక్క ఇంట్లో ఉండాలి. మా అత్త వద్దన్నది. మా ఆయనకు పంపాలనే ఉంది, తల్లి ముందు నోరు రాలేదు. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎల్లుండి సోమవారం బడి తెరుస్తారనగా, మా పంచలో నాటకం పెట్టింది మా పిల్ల.

చుట్టుపక్కల వాళ్ళు వచ్చి కూర్చున్నారు. మా అత్త, “నేనేమన్నా ఆటకత్తెనా, ఎయ్యను” అని రొయ్యలు ఒలుస్తూ కూర్చుంది.

“అదే నీ వేషం. అట్టే కూచో అవ్వా” అన్నది పిల్ల.

నవ్వుల మధ్య ఆట చివరికొచ్చింది. కాగితం నా చేతిలో ఉంది. అందులో నా మాటల ముందు అమ్మ అని ‘మ’, మా ఆయన మాటల ముందు అయ్య అని ‘య’ గుర్తు పెట్టింది. మా ఆయనకు చదువు రాదు, ఆయన మాటలు పిల్ల వెనక నుంచి అందిస్తున్నది. చివరి మాటకు మాత్రం అందించలేదు, ఊరుకుంది. నేను కాగితంలోకి చూశాను. ఆ మాట ముందు ‘మ’, అమ్మ అని కనబడింది. నా వంతు వచ్చిందనుకుని కూడబలుక్కుంటూ గట్టిగా చదివాను.

“పిల్ల చదువుకుంటాది. సోమవారం నేనే పడవలో తీసకపోతా.”

ఎవరూ నవ్వలేదు. మా అత్త చేతిలో రొయ్య అట్లాగే ఉండిపోయింది.

“మొగోడు చెప్పాల్సిన మాట నీ నోట్లోకెట్టా వచ్చిందమే?” అన్నది.

మా ఆయన లేచాడు. తల్లి వైపు చూసి, చెరువు మీద మాట్లాడే గొంతుతో అన్నాడు. “ఎవురి నోట్లో పడితే ఏందమ్మా? మాట నాదే.”

మా అత్త ఒలిచిన రొయ్యల గిన్నె నా వైపు తోసి, “పోయేదానికి పచ్చడి చేసియ్యి. ఆడ దానికేం పెడతారో” అన్నది.

సోమవారం పడవెక్కి పిల్ల, “పోయొస్తానమ్మా” అన్నది. అప్పటి నుంచి ప్రతి సెలవుకూ వచ్చింది. మా లంకలో పంతులమ్మ అయిన మొదటి ఆడపిల్ల మా పిల్లే. జీతంతో మొదట వాళ్ళ అవ్వకు కళ్ళజోడు కొనిచ్చింది. మా అత్త ఆ జోడు పెట్టుకుని రేవులో అందరికీ, “నేను పంపబట్టే కదా చదివింది” అని చెప్పేది. మా పిల్ల కాదనలేదు. “అది కూడా నాటకంలో రాసుకుంటాలే” అని నాతో గుసగుసగా అన్నది.

ఒకసారి అడిగాను. “నేను తప్పు చదువుతానని నీకు ముందే తెలుసునా?” అని. జడ వేయించుకుంటూ, తల తిప్పకుండా, “నాకేం తెలుసమ్మా, నేను చిన్నపిల్లని” అన్నది.

మొన్న పెద్దపంతులుగారు దాని పెట్టె పంపించారు. అడుగున ఆ నాటకం కాగితం ఉంది. మా పిల్ల అక్షరం ముత్యంలాగా ఉంటుంది, మీ అందరికీ తెలుసు. కాగితమంతా అట్లాగే ఉంది. ఆ చివరి మాట ముందున్న అక్షరం ఒక్కటే, ఇటు ‘మ’ కాకుండా అటు ‘య’ కాకుండా, కావాలని తోక తిప్పి వదిలేసినట్టు ఉంది.

పంచలో కూర్చుని, చెరువు గాలికి ఎగరకుండా కాగితం మీద వేలు పెట్టి, మళ్ళీ కూడబలుక్కున్నాను. ఇన్నేళ్ళకు నాకు రెండక్షరాలూ బాగానే తెలుసు. అయినా నాకు అమ్మ అనే కనబడింది.