తాగకుండా తూలిన రోజులు

ఈ సంగతి చాలామందికి చెప్పబోయాను. చివరిదాకా విన్నవాళ్లు లేరు. కొందరు మధ్యలోనే ఫోన్ చూసుకున్నారు. కొందరు "ఇప్పుడు బాగానే ఉన్నారు కదా" అని మాట తుంచేశారు. బాగానే ఉన్నాను. బాగా లేనప్పుడు నన్ను అన్న మాట గురించే నేను అడుగుతున్నది. నోటితో చెబితే వినలేదు కనుక రాస్తున్నాను.

అమీర్‌పేటలో మెట్రో స్టేషన్ వెనక సందులో, భవనమంతా కోచింగ్ సెంటర్లే ఉన్న చోట, మూడో అంతస్తులో డేటాబేస్ పాఠాలు చెప్పేవాణ్ణి. చేరడానికి వచ్చిన పిల్లలను ఓనరే నా క్లాసు తలుపు దాకా తీసుకొచ్చి, "ఈ మాస్టారి దగ్గర కూర్చుంటే ఉద్యోగం వచ్చినట్టే" అనేవాడు. అది ఆయన మరిచిపోయి ఉంటాడు. నేను మరవలేదు.

ఒకరోజు క్లాసు ముగించి వస్తుంటే మెట్ల మీద ఫిట్స్ వచ్చాయి. చిన్నప్పుడు వచ్చి, మళ్లీ రాదనుకున్న జబ్బు. పంజగుట్టలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఫెనిటోయిన్ అనే మాత్ర రాశాడు. ఎప్పటి నుంచో ఉన్న మందే, అందరికీ ఇచ్చే మోతాదే, భయం లేదన్నాడు. ఒక్క పూట తప్పకుండా వేసుకున్నాను.

కొన్ని వారాలకు బోర్డు మీద నా రాత వంకర పోవడం మొదలైంది. తిన్నగానే రాస్తున్నాననుకుంటాను. వెనక్కి జరిగి చూస్తే లైను కిందికి జారిపోయి ఉంటుంది. నాలుక మందమైంది. కాళ్లు ఎడంగా పెడితే తప్ప నిలబడలేను. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఒక ఉదయం వెనక బెంచీలోంచి ఒకడు, నాకు వినబడాలనే, "సార్‌కి రాత్రిది ఇంకా దిగలేదురా" అన్నాడు. పక్కవాడు "మస్తు కొట్టిండు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. జీవితంలో ఒక్క చుక్క ఎరగని మనిషిని నేను.

తూలుతున్నానని డాక్టరుకు చెప్పాను. రాస్తున్న చీటీ మీంచి తల ఎత్తకుండా "డ్రింక్స్ అలవాటుందా?" అన్నాడు.

"లేదండి."

"అప్పుడప్పుడు?"

"అసలు లేదండి."

"కొత్తలో అలాగే ఉంటుంది. అలవాటవుతుంది."

ఆ తర్వాత మళ్లీ ఒకసారి ఫిట్స్ వచ్చాయి. మందు చాలడం లేదని మోతాదు పెంచాడు. రక్తంలో మందు ఎంత చేరిందో చూసే పరీక్ష ఒకటుందని నాకు తెలియదు. ఆయనకు తెలుసు.

పెంచిన తర్వాత ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో కుర్చీ అనుకుని ఖాళీలో కూర్చున్నాను. కింద పడ్డాను. అందరూ భోజనం డబ్బాలు తెరుచుకుని ఉన్నారు. ఎవరూ లేవలేదు. ఓనరు వచ్చి నన్ను లేపి, అందరికీ వినబడేలా, చాలా మర్యాదగా అన్నాడు: "మాస్టారూ, ఇంటికెళ్లి పడుకోండి. దిగాక మాట్లాడుకుందాం." జబ్బు సంగతి చెప్పబోయాను. నా నాలుక నాకే అడ్డు పడింది. మర్నాటి నుంచి నా క్లాసు వేరే ఆయనకిచ్చారు. ఫోన్ చేస్తే ఓనరు ఎత్తలేదు.

ఇంట్లోనూ అంతే. నేను చెప్పులు విడిచేలోపు నా భార్య దగ్గరికొచ్చి "నోరు తెరువు" అనేది. తెరిచేవాణ్ణి. వాసన చూసి, "ఏం వస్తలేదు" అనేది. ఆగి, "వాసన రానియి సుత దొరుకుతున్నయంట ఇప్పుడు" అనేది. తగవు పెట్టుకోవాలన్నా నా మాట ముద్దగా వచ్చేది. అది విని ఆమె అనుమానం ఇంకా బలపడేది.

ఒక శనివారం పంజగుట్టలో పోలీసులు బారికేడ్లు పెట్టి, బండ్లు ఆపి, మిషన్‌లో ఊదిస్తున్నారు. నేను గోడ వెంబడి నడుచుకుంటూ వాళ్ల దగ్గరికి వెళ్లాను. నాకూ పరీక్ష చేయమన్నాను.

"బండేది?" అన్నాడు కానిస్టేబుల్.

"బండి లేదు. నడిచొచ్చాను."

"నడిచేటోనికి కేసుండదన్నా. సక్కగ ఇంటికి పో."

"కేసు కాదు. ఊదించి చూడండి."

అతను వెనక్కి తిరిగి ఎస్సైతో, "సార్, గీ అన్న తనంతట తనే వచ్చిండు, ఊదుతడంట" అన్నాడు. ఎస్సై నవ్వి ఊదనివ్వమన్నాడు. ఊదాను. సున్నా వచ్చింది. ఆ సున్నా కాగితం మీద రాసిమ్మన్నాను.

"తాగినోళ్లకే కాగితమిస్తం భాయ్" అన్నాడు ఎస్సై. "తాగనోళ్లకు సుత ఇయ్యాల్నంటే పట్నమంతటికి ఇయ్యాలె."

నేను కదల్లేదు. కానిస్టేబుల్ నా కాళ్ల వంక చూసి, జాలిగానే, "సున్నా అయితే వచ్చింది గానీ ఊగుతున్నవు గదన్నా. గంజాయి గిట్ల ఏమన్న కొడ్తవా?" అన్నాడు.

చివరికి స్నానాల గదిలో పడి తల చిట్లితే, నా భార్య సోమాజిగూడలో వేరే ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ ఒక డాక్టరమ్మ తన వేలు నా కళ్ల ముందు అటూ ఇటూ కదిపింది. తల కదపకుండా వేలినే చూడమంది. "కనుగుడ్లు ఒకచోట నిలవకుండా కొట్టుకుంటున్నాయి. ఏ మాత్ర వేసుకుంటున్నారు?" అంది. తాగుతారా అని అడిగింది, నేను లేదన్నాను, ఆమె నమ్మింది. నమ్మింది కనుక రక్తం తీయించింది. మందు ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువుంది. అంత ఎక్కువైతే ఫిట్స్ తగ్గకపోగా పెరగవచ్చట కూడా. తర్వాత జన్యు పరీక్ష చేయించింది.

"కాలేయంలో ఈ మందును కరిగించి బయటికి పంపే ఎంజైమ్ ఉంటుంది" అని నా భార్యకు వివరించింది. "ఈయనలో అది పుట్టుకతోనే నెమ్మది. మీ ఇంట్లో సింకు నీళ్లు మెల్లగా పోతాయనుకోండి. పంపు మాత్రం అందరిలాగే తిప్పారు. నిండి పొర్లకేం చేస్తుంది?"

"మరి తప్పెవరిది?" అన్నాను.

"ఆయన రాసింది మామూలు మోతాదే."

"తూలుతున్నానని చెప్పాను కదమ్మా. అప్పుడైనా కొలవాలి కదా."

"అది నన్ను అడగకండి" అంది. ఎంత మంచి డాక్టరైనా అక్కడికొచ్చేసరికి అంతే.

ఆవిడ చూస్తుండగా మెల్లమెల్లగా మోతాదు తగ్గింది. బోర్డు మీద లైను మళ్లీ తిన్నగా వచ్చింది. అయితే ఆ బోర్డు మా ఇంట్లోది. ఒక సెంటర్లో డెమో క్లాసు చెబితే చాలా బాగుందన్నారు. బయటికొస్తుంటే అక్కడి అమ్మాయి, "మీరు గా థర్డ్ ఫ్లోర్ల ఉండె సారే గదా?" అంది. మళ్లీ పిలుపు రాలేదు. మిగతా చోట్లా అంతే. మా ఇంట్లో అన్నీ తెలిసిన తర్వాత కూడా, నేను గుమ్మంలోకి రాగానే నా భార్య ముఖం కొంచెం ముందుకొస్తుంది. వెంటనే వెనక్కి తీసుకుంటుంది. నాకు కనబడుతుంది.

పరీక్ష రిపోర్టులు పట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్లాను. "అయ్యో, అలాగాండీ. ఆరోగ్యం జాగ్రత్త మాస్టారూ. టీ తాగుతారా?" అన్నాడు. టీ వద్దు, ఆ రోజు స్టాఫ్ రూములో అన్న మాట అదే గదిలో, అదే మనుషుల ముందు వెనక్కి తీసుకోమన్నాను.

"ఇప్పుడవన్నీ ఏంటండీ. ఎవరికి గుర్తుంది?" అన్నాడు.

అమీర్‌పేటలో నాకు క్లాసు ఇవ్వని ప్రతివాడికీ గుర్తుంది. అందుకే, ఓనరుగారూ, రోజూ ఉదయం మీ భవనం ఎదుటి టీ కొట్టు దగ్గర నిలబడుతున్నాను. బ్యాచులు మారే వేళకు ఆ సందులో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నాను, గోడ పట్టుకోకుండా. మీరు లిఫ్టు మానేసి వెనక మెట్ల మీదుగా పోవడం నేను గమనించాను. రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను. దిగాక మాట్లాడుకుందామన్నది మీరే కదండీ. దిగి చాలాకాలమైంది. ఇక మాట్లాడండి.