గెడ్డ వంపులో తాటి టెంక

గేగులు, అదే తేగలు, కొనుక్కుని తినడం మా ఇంటా వంటా లేదు. తాటిపళ్లు రాలే రోజుల్లో టెంకలు ఏరి పెరట్లో ఇసక మడిలో పాతర వేస్తే, చలికాలానికి ఒక్కో టెంక నుంచి ఒక్కో గేగు నేలలోకి దిగుతుంది. తవ్వుకోవడం, ఉడకబెట్టుకోవడం, తినడం. నేల మీద ఉత్తినే దొరికే దానికి డబ్బు పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. అలాంటిదాన్ని, ఒక పుష్య మాసంలో కోటబొమ్మాళి సంతకెళ్లి గేగుల కట్ట కొన్నాను. బేరం కూడా ఆడలేదు. అమ్మినామె నా ముఖంలోకి ఒకసారి చూసి, అడక్కుండానే ఇంకో రెండు వేసింది.

అవి మా యారాలి కోసం. యారాలంటే మా ఆయన తమ్ముడి పెళ్లాం. నా తరవాత ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. నన్ను అప్ప అనేది. నేను గట్టిగా మాట్లాడితే ఊళ్లో అందరూ తప్పుకునేవారు గానీ ఆమె మాత్రం నవ్వేది. పిల్లలు లేరు. మగడు పోయాక ఆమెకంటూ మిగిలింది గెడ్డ గట్టునున్న అరెకరం మడి.

మా గెడ్డ కొండల్లో పుట్టి, మా ఊరి పక్కనుంచి పోయి, వంశధారలో కలుస్తుంది. ఎండాకాలంలో దాంట్లో మేకలు నడుస్తాయి. వానాకాలం పైన కొండల్లో కురిసిందంటే చాలు, మా నెత్తి మీద ఎండ కాస్తున్నా గెడ్డ ఎర్రగా దిగుతుంది. కొండ మీద చెట్లు పల్చబడిన కాడినుంచీ దాని జోరు మరీ ఎక్కువైంది. అది సరిగ్గా వంపు తిరిగే చోటే మా యారాలి మడి. ప్రతి ఏడూ నీళ్లు వచ్చి ఆ గట్టుని తన్నేవి. గట్టు కొంత కూలేది, మడిలో ఇసక మేట వేసేది. ఆమె గంపతో ఆ ఇసక ఎత్తిపోసి, మళ్లీ నాట్లు వేసుకునేది.

"అమ్మీసీయే ఆ మడి. నీకెందుకొచ్చిన సాకిరీ" అన్నానొకసారి.

"ఎవుడు కొంతాడప్పా? కొంతే గెడ్డే కొనాల. అదెలాగూ ఉత్తినే తీసుకుంతంది" అంది.

అలా ఉండగా పట్నంలోని ఒక ఆఫీసు నుంచి స్కూటీ మీద ఒక పిల్ల వచ్చింది. మా ఆడవాళ్ల సంఘానికి పెద్దని నేనే. నాకు చదువుందని పెట్టలేదు. బళ్లో నేను నేర్చింది అక్షరాలు కూడబలుక్కోవడం వరకే. నా చేతికి వచ్చిన డబ్బు ఊరికే కదలదని పెట్టారు. ఆ పిల్ల అందరినీ కూర్చోబెట్టి, కొండ నుంచి ఏటి దాకా నీళ్లు నడిచే దారిని కాపాడుకునే సంఘాలకి వాళ్ల ఆఫీసు చిన్న చిన్న గ్రాంటులు ఇస్తుందని చెప్పింది. పెద్ద పనులు కావు. ఏం చెయ్యాలో మేమే చెప్పాలి.

"గోడ" అన్నారు అందరూ ఒక్కసారే.

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ఆ డబ్బుతో గోడకి పునాది కూడా లెగదని చెప్పింది. అందరూ చప్పబడిపోయారు. అప్పుడు వెనక కూర్చున్న మా యారాలు, "తాటి టెంకలు పాతితే?" అంది. వాళ్ల కన్నోరి ఊళ్లో గెడ్డ పొడుగునా తాడిచెట్లు వరసగా ఉంటాయట. వేళ్లు వల అల్లినట్టు అల్లుకుని గట్టుని పట్టుకుంటాయట. ఆ గట్టు జారడం ఆమె పుట్టి ఎరగదు.

"తాడిసెట్టు ఎదిగి గట్టు పట్టీసరికి నువ్వుంతావేటే?" అంది పక్కింటామె.

"ఉండను. దెయ్యమయిపోయి ఆ సెట్టే ఎక్కి కూకుంతాను. గట్టు మీద సెయ్యేసినోల్లని ఒక్కలొక్కల్నే పీకుతాను. ముందు నిన్నే."

నవ్వులు. నాకు మటుకు ఆ మాట నచ్చింది. టెంకలకి ఖర్చు లేదు. గ్రాంటు డబ్బు వంపు దగ్గర రాళ్లు పేర్చడానికీ, మధ్యలో వట్టివేరు దుబ్బులు నాటడానికీ, ట్రాక్టరు అద్దెకీ సరిపోతుంది. ఆఫీసువాళ్లు సగం ముందిచ్చారు. చెట్లు నిలిచాయని చూశాక మిగతా సగం.

భాద్రపదంలో టెంకలు పాతాం. వరసలుగా, దగ్గర దగ్గరగా. అక్కడే తప్పు జరిగింది. ఆ తప్పు మా ప్రాంతం వాళ్లే చెయ్యగలరు. మా కళ్లకి, వరసగా పాతిన తాటి టెంకలంటే గేగుల పాతర. చలి రాగానే ఒకామె గునపం పట్టుకెళ్లి, కొసన ఉన్నవి కాసిని తవ్వుకుంది. ఇంకొకామె, సగం తీసినా సగం ఉంటాయి కదాని తీసింది. ఆ సగంలో సగం మరొకరు. పశువులు కాసేవాళ్లు సరేసరి. నేను నా కోడలు తెచ్చి ముందు పెట్టినవి ఎక్కడివని అడక్కుండా తిన్నాను.

ఆఫీసు పిల్ల చూడ్డానికి వచ్చింది. ఎండలో పడి వచ్చిందని మావాళ్లు పళ్లెంలో ఉడకబెట్టిన గేగులు పెట్టారు. ఆ పిల్ల నార తీసుకుంటూ ఇష్టంగా తింది. తిని, చేతులు కడుక్కుని, "మామ్మా, టెంకలు మొలకేశాయా? చూద్దాం పదండి" అంది.

ఎవరూ లేవలేదు. ఆఖరికి పక్కింటామె అంది: "ఎక్కడికెల్తావమ్మా, నీ కడుపులోనే ఉన్నాయి."

ఆ పిల్లకి అర్థమవడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక తలపట్టుకుని నవ్వింది. అందరం నవ్వాం. మా యారాలు నవ్వలేదు. లేచి తన మడి వైపు వెళ్లిపోయింది. ఆమె అలా వెళ్లడం చూశాక నా నవ్వు ఆగిపోయింది.

ఆ వానాకాలం గట్టు మళ్లీ విరిగింది. పేర్చిన రాళ్లు నిలిచాయి గానీ రాళ్లకి ఈ పక్కా ఆ పక్కా కోసుకుపోయింది. ఇంకొక్క ఏడు ఇలా అయితే ఆమెకి అరెకరం కాదు, అందులో సగం కూడా మిగలదని అందరికీ కనపడుతూనే ఉంది.

ఆఫీసువాళ్లు మంచివాళ్లు. మరో అవకాశం ఇచ్చారు. ఈసారి నేను ఊరుకోలేదు. ఊళ్లో ఏ ఇంట్లోనూ పాతర వెయ్యకూడదన్నాను. రాలిన ప్రతి టెంకా గట్టుకే. ఇంటింటికీ తిరిగి గంపలకెత్తించాను. గట్టు మీద గునపం వేసినవాళ్లకి సంఘంలో అప్పు పుట్టదని చెప్పాను. "ఈ ముసిల్ది గేగులు కూడా తిననివ్వదు" అని నా చెవిన పడేటట్టే అనుకున్నారు. అనుకోనీ. టెంక పాతిన ప్రతిచోటా గుర్తుకి ఒక పుల్ల గుచ్చాం. ఆఫీసు పిల్ల వచ్చి నన్నూ మా యారాలినీ వంపు దగ్గర పుల్లల పక్కన నిలబెట్టి ఫోటో తీసింది. ఇకమీదట ఎప్పుడొచ్చినా అక్కడే తీస్తానంది, ముందెలా ఉందో తరవాతెలా ఉందో తెలియడానికి. మా యారాలు చెంగు తల మీదికి లాక్కుని, "పుల్లల్తోటి ఫోటో ఏటే అమ్మా, వల్లకాట్లో నిలబడినట్టు" అంది. నేను కసురుకున్నాను.

కార్తీకంలో ఆమెకి గొంతులో ముద్ద దిగడం మానేసింది. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో చూపించాం. గొంతులో పుండు, ముదిరిపోయింది, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మా ఇంట్లోనే వసారాలో మంచం వేశాను. గంజి, మజ్జిగ. అదీ కష్టంగా. నా వంట ఎప్పుడూ ఉప్పు తక్కువని వంక పెట్టే మనిషి, ఏం పెట్టినా బాగుందప్పా అనడం మొదలెట్టింది. అది వింటే నాకు భయమేసింది.

ఒకరోజు గేగులు తినాలనుందని అంది. మా ఊళ్లో ఏ పెరట్లోనూ పాతర లేదు. లేకుండా చేసింది నేనే. అందుకే సంతకెళ్లి కొన్నాను. మెత్తగా ఉడకబెట్టి, నార తీసి, రోట్లో నూరి పెట్టాను. నాలిక మీద పెట్టుకుని, మింగబోయి, కళ్లనీళ్లతో ఉమ్మేసింది.

"నార తగుల్తంది. బుర్రగుంజయితే దిగుద్దేమో" అంది. అడగలేదు. తనలో తనే అనుకున్నట్టు అంది.

గేగు దిగిన టెంకని పగలగొడితే లోపల తెల్లగా, స్పాంజిలా, తియ్యగా ఉంటుందే, అదే బుర్రగుంజు. నోట్లో వేసుకుంటే మంచులా కరుగుతుంది. సంతలో గేగులే కట్టలు కట్టి అమ్ముతారు, టెంకలు ఎక్కడివక్కడే వదిలేస్తారు. పక్క ఊరికి కబురు పెడితే, పాతరలన్నీ తవ్వేసి అమ్మేశామన్నారు.

మర్నాడు పొద్దెక్కాక, ఊరంతా కళ్లాల్లో నూర్పుల మీద ఉండగా, నేను గునపం తీసుకుని గెడ్డ గట్టుకి వెళ్లాను. పై కొసన నేల గట్టిగా ఉంది, నా చేతులకి లొంగలేదు. వంపు దగ్గర తడి మన్ను. ఒక పుల్ల పీకి పక్కన పెట్టి తవ్వాను. గేగు నా మోచెయ్యంత దిగింది. తెల్లగా, బలంగా. అది బతకాల్సిన మొక్కని నాకు తెలుసు. టెంక విరిచి చెంగులో కట్టుకున్నాను. గుంట పూడ్చి కాలితో తొక్కాను.

ఇంటికొచ్చి, కడిగి, గిన్నెలో వేసి ఆమె చేతికిచ్చాను. మంచం మీద లేచి కూర్చుంది. గిన్నెలోకి చూసింది. ముఖం విప్పారింది. అంతలోనే,

"ఎక్కడిదప్పా?" అంది.

"సంతలోది."

"సంతలో బుర్రగుంజు అమ్ముతారేటి?"

నా కాళ్ల వేపు చూసింది. వేళ్ల మధ్య ఎర్రమన్ను ఉంది.

"గట్టుదా?"

"ఒక్కటే తీసినానే. ఒక్కదానికేటవుద్ది? తిను."

"ఏ పక్కది?"

"వంపు కాడ."

"ఓలమ్మ, వంపు కాడా?" కళ్లతో అరిచినట్టే ఉంది. "నీలు తన్నీదక్కడే కదప్పా!"

"నా సేతులకి పై కొసన గునపం దిగనేదే."

ఆమె గిన్నె ఒళ్లో పెట్టుకుంది. వేలితో బుర్రగుంజుని ఒకసారి నొక్కి చూసింది. తింటుందనుకున్నాను. తరవాత గిన్నె నా వేపు జరిపింది.

"నువ్ తినీ" అంది.

"నీకోసం తెచ్చినాను గదే."

"నాకు దిగదు. దిగినా నాకొద్దు. అలాగని పారెయ్యకు. నీకు పారీడం సేతకాదు గదా" అని, ఆ జబ్బులోనూ నన్ను వెక్కిరించి నవ్వింది. "తిను, నేను సూస్తాను."

తిన్నాను. ఆమె నా నోటి వేపే చూస్తూ కూర్చుంది.

"తియ్యగున్నాదా?"

"ఉన్నాది."

"మన గెడ్డ ఇసకలోది అలాగే ఉంతాది" అని అటు తిరిగి పడుకుంది.

మళ్లీ దాని మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మాఘం వెళ్లకుండానే ఆమె వెళ్లిపోయింది. పిల్లలు లేరు కాబట్టి ఆ అరెకరం మా ఇంటి కిందకే వచ్చింది. బతుకంతా ఒకరి సొమ్ము ఉత్తినే తీసుకోలేదు నేను. ఇది మాత్రం వద్దన్నా వచ్చి ఒళ్లో పడింది.

ఎండాకాలం చివర్లో పుల్లల పక్కన ఆకులు లేచాయి. ముడుచుకున్న విసనకర్రల్లా, ఒక్కో పుల్లకీ ఒక్కోటి. శ్రావణంలో కొండల మీద కుండపోతగా కురిసి గెడ్డ రెండు గట్లూ ముట్టుకుంటూ దిగింది. నీళ్లు తీశాక నేనే వెళ్లి చూశాను. గట్టు నిలిచింది. రాళ్లు, వట్టివేరు, ఇప్పుడిప్పుడే కాళ్లూనుతున్న తాటి మొక్కలు, అన్నీ కలిసి పట్టుకున్నాయి. వంపు దగ్గర మటుకు, నేను తవ్విన చోట, నీళ్లు చాటంత గుంట పెట్టి ఒక్క పాయ మడిలోకి దూరింది. అప్పుడే నాటిన పైరు మీద ఆ మూల రెండు గంపల ఇసక. మావాడు, "ఇంతేనా, బతికిపోనాం" అన్నాడు. నేను ఆ ఇసక గంపతో నేనే ఎత్తిపోశాను. వాడు చెయ్యి వెయ్యబోతే ఒప్పుకోలేదు. ఆ గుంట రాళ్లతో పూడ్చి, తాటిపళ్లు రాలగానే మంచి టెంక ఒకటి ఏరి అక్కడ పాతాను.

ఏడు తిరిగింది. మొన్న ఆఫీసు పిల్ల వచ్చింది. గ్రాంటు ముగిసిందట, ఇదే ఆఖరి ఫోటో అట. మొక్కలన్నీ తిరిగి చూసి సంతోషించింది. వంపు దగ్గరకి వచ్చేసరికి అలవాటు చొప్పున, "ఇద్దరూ..." అని, నాలిక కరుచుకుంది.

నేను వెళ్లి నిలబడ్డాను.

"అక్కడ కాదు మామ్మా, ఆ పెద్దదాని పక్కన నిలబడండి. ఇది మరీ చిన్నది. ఒక్క ఆకే ఉంది. ఫోటోలో కనపడదు."

నేను చెంగు తల మీదికి లాక్కున్నాను. ఆ ఒక్క ఆకు నా మోకాలికి తగులుతోంది.

"కనపడకపోతే పోనీ. తియ్యి" అన్నాను.