చెలిమె దగ్గర ముగ్గురం

బుడ్డీ... నీకు ఎన్నోసార్లు చెప్పిన ముచ్చటే బిడ్డా. నువ్వుంటే "మళ్ల మొదలువెట్టినవా అవ్వా" అని నవ్వేదానివి. ఇవాళ అందరికీ చెప్తున్నాను.

మా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే ఊరి బావి అడుగంటేది... ఉట్నూర్ దగ్గర అడవి అంచున మా ఊరు. అన్న, నేను, తమ్ముడు బిందెలు పట్టుకుని వాగుకు పోయేవాళ్లం. వాగులో నీళ్లెక్కడివి... అంతా ఇసుకే. అన్న మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడేవాడు. అదే చెలిమె. మోచేతి లోతు తవ్వితే అడుగున చెమ్మ తగిలేది, కాసేపటికి నీళ్లు ఊరేవి. మొదటి నీళ్లు బురదగా ఉంటాయని కొబ్బరి చిప్పతో ముంచి పారబోసేవాళ్లం. ఆ తర్వాత ఊరినవి అద్దంలా ఉండేవి. చల్లగా... తియ్యగా... ఆ రుచి అబద్ధమని నేను అనను.

తేట నీళ్లు మొదటి చిప్పెడు తమ్ముడికే. చిన్నోడు కదా అని.

మేం తవ్వే చోటికి కాస్త పైన మడుగులో పశువులు పడుకునేవి. ఆ ఒడ్డునే పొద్దున్నే అందరూ చెంబులు పట్టుకుని పోయేవాళ్లు. అయినా ఇసుకలోంచి ఊరిన నీళ్లకు ఏ దోషం ఉండదని పెద్దలు అనేవాళ్లు. కంటికి తేటగా ఉంటే నోటికీ మంచివే అని...

ఒక ఎండాకాలం తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దున మొదలైతే మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి. బాపు ఎడ్లబండి కట్టి ఉట్నూర్ తీసుకుపోతుంటే తమ్ముడు దారిలోనే పోయాడు. గాలి సోకిందన్నారు. దిష్టి తగిలిందన్నారు. దిష్టి తీయలేదని మమ్మల్ని కన్న అవ్వనే తిట్టారు. నీళ్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. మర్నాడు మళ్లీ అదే వాగుకు పోయి, అవే నీళ్లు తెచ్చుకున్నాం.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న మా అన్న ఒక ఫోటో పెట్టాడు. మనవణ్ణి మా ఊరి వాగుకు తీసుకుపోయి, చెలిమె తవ్వి, దోసిట్లో నీళ్లు పట్టి వాడి నోటికి అందిస్తున్నాడు. పిల్లాడికి ఇంకా ఏడాది నిండలేదు. ఫోటో కింద రాశాడు, "గీ నీళ్లు తాగే గింతటోళ్లమైనం. మాకేం గాలే" అని. ఎంతమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారో... ఆ రోజులే వేరని ఎంతమంది రాశారో.

మాకేం కాలేదా అన్నా? చెలిమె దగ్గర ముగ్గురం ఉండేవాళ్లం. నీ ఫోటో చూసుకోవడానికి మిగిలింది ఇద్దరం. ఆ నీళ్లు తాగి పోయినవాడు వచ్చి దాని కింద రాయడు కదా.

నా బిడ్డ కూడా రాయదు.

ఆ మనవణ్ణి తొట్టెల్లో వేసిన రోజు శ్రీరాంపూర్‌లో అన్న ఇంటికి పోయాం. నా బిడ్డ అప్పుడు ఏడు నెలల కడుపుతో ఉంది. కాచి చల్లార్చిన నీళ్లే తాగమని డాక్టరమ్మ చెప్పిందని సీసాలో పట్టుకొచ్చుకుంది. భోజనాల బంతిలో మా వదిన అందరికీ నల్లా నీళ్లు పోస్తోంది. బిడ్డ సంచిలోంచి సీసా తీసింది. అంతే...

"ఏందే, మా ఇంట్ల నీళ్లు నీకు పడయా? మేం తాగుతలేమా, మంచిగ లేమా?" అంది వదిన.

బంతంతా నవ్వారు. చెలిమె నీళ్లు తాగినవాడి మేనకోడలికి సీసా నీళ్లా అని అన్న కూడా నవ్వాడు. నేను కొట్లాటకే లేచాను. బిడ్డ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఊకో అవ్వా... గిలాసెడు నీళ్లకు పంచాయితీ ఎందుకు" అని, గ్లాసు ఎత్తి గటగటా తాగింది. వదిన మొహం వికసించింది. ఇంకో గ్లాసు పోసింది.

ఆ నీళ్లు కూడా తేటగానే ఉన్నాయి...

కొన్ని వారాలకు బిడ్డ కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లే కదా, వస్తాయి పోతాయి అన్నారు. ఈ నీళ్ల కామెర్లు కడుపుతో ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి తెస్తాయని ఆస్పత్రిలో చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. నా బిడ్డ పోయింది. దాని కడుపులోని పసిగుడ్డూ పోయింది.

అన్న వాళ్ల వాడలో ఇంకొందరికి అవే కామెర్లు వచ్చాక తవ్వి చూశారు. నల్లా పైపు మోరీలోంచే, ఆ మురుగు కాలువలోంచే పోతోంది, ఒక చోట పగిలి ఉంది. నీళ్లు సన్నగా వస్తాయని ఇంటింటికీ మోటారు పెట్టి లాగుతారు... ఆ మోటారు మంచి నీళ్లతోపాటు మోరీ నీళ్లనూ లాగింది. తవ్వినవాళ్లు పగిలిన చోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పోయారు. అంతే. ఒక ట్యూబు ముక్క.

ఫోటో చూసి అన్నకు ఫోన్ చేశాను. పిల్లాడికి ఆ నీళ్లు పట్టొద్దని మొత్తుకున్నాను. "నీ బిడ్డ రాత గట్లున్నది చెల్లె... నీళ్లనంటే ఏమొస్తది" అన్నాడు.

రాతా? పొయ్యి మీద గిన్నె పెట్టి నీళ్లు కాచుకోవడానికి రాత ఏం అడ్డం వచ్చింది?

వాగువైనా, బోరువైనా, నల్లావైనా తేటగా ఉన్నాయని నమ్మకండి. బట్ట కట్టి వడగడితే నలక ఆగుతుంది, రోగం ఆగదు. సలసల తెర్లేదాకా కాచి తాగండి. మీ ఇంటికి ఎవరైనా సీసాతో వస్తే మూతి తిప్పకండి. వాళ్ల నీళ్లు వాళ్లను తాగనివ్వండి.

అన్నా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. నాతో మాట్లాడకు, నా గడప తొక్కకు... కానీ ఆ పిల్లాడికి కాచిన నీళ్లు పట్టు. ఫోటోలో చూశాను. వాడి నుదురు అచ్చం తమ్ముడిదే.

మీరు కూడా మీ చిన్నప్పటి నీళ్ల ముచ్చట్లు కింద రాయండి. కానీ మీతోపాటు తాగి, ఇవాళ రాయడానికి లేనివాళ్ల పేర్లు కూడా రాయండి.

నా బిడ్డ రోజూ ఫోన్లో ముందు అదే అడిగేది... "తిన్నవా అవ్వా" అని. ఇప్పుడు ఆ ఫోన్ రాదు. అందుకని నేనే మీకు చెప్తున్నాను. వేళకు కడుపు నిండా తినండి.