మేపుల్‌కు క్షవరం

సెలూన్ అద్దం పక్కన ఒక పాత క్యాలెండర్ బొమ్మ ఉంటుంది. తేదీలు ఎప్పుడో చిరిగిపోయాయి. బొమ్మలో పళ్ళెమంత కుండీలో జానెడు మేపుల్ చెట్టు, బోన్సాయ్, ఒళ్ళంతా ఎర్రబడ్డ ఆకులు. దాన్ని అంటించింది కత్తెరాయన భార్య. మధ్యాహ్నం క్యారియర్ తెచ్చినప్పుడల్లా దాని ముందు ఒక్క నిమిషం నిలబడేది.

"ఇలాంటిది మనమూ ఒకటి పెంచుదామయ్యా."

"పెంచుదాంలే," అనేవాడు కత్తెరాయన, ఎవరి చెవి వెనకో జుట్టు సరిచేస్తూ. పనిలో పడి మరీ పొట్టిగా కత్తిరిస్తుంటే, వెనకనుంచి "చాలు" అనేదీ ఆమే. అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. ఆమె పోయింది.

ఆమె పోయిన ఏడాదికి, ఆమె చెల్లెలి నర్సరీనుంచి వేలెడు మేపుల్ మొక్క తెచ్చుకున్నాడు. మరదలు పెద్ద కుండీలో పెట్టి ఇస్తే, ఇంటికి రాగానే బొమ్మలోలాంటి పళ్ళెం కుండీలోకి మార్చాడు. రోజూ పొద్దున్నే దాని ముందు కూర్చునేవాడు. చిగురు కాస్త పక్కకు తొంగిచూస్తే చెయ్యి ఊరుకునేది కాదు. టిక్. వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి, రెండు పక్కలా సమానమేనా అని చూసేవాడు. మళ్ళీ టిక్. ఇక దువ్వెన ఒక్కటే తక్కువని వీధిలో నవ్వుకున్నారు.

రెండేళ్ళయినా కాండం అగ్గిపుల్లంత సన్నగానే ఉంది. రాలేముందు ఎర్రబడాల్సిన ఆకులు, అంచులు మాడి రాలిపోయాయి. మూడో ఏడు నాలుగే చిగుళ్ళు. కుండీని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు.

మరదలు మొక్కను చూసింది, తర్వాత బావను చూసింది.

"బావా, దీనికి వారం వారం క్షవరం చేశావా?"

"కొంచెం... చక్కగా ఉంటుందని."

"చక్కగానే ఉంది, ఉద్యోగానికి పంపేలా. ఆకులన్నీ నువ్వు కోసేస్తే అది బతికేది దేనిమీద? కాండం లావెక్కాలంటే పెరగనివ్వాలి. మూడేళ్ళు పిచ్చిగా పెరగనీ. కత్తిరింపూ, తీగ చుట్టి వంచడమూ, చిన్న కుండీ, అవన్నీ తర్వాత."

"బతుకుతుందా?"

"వేళ్ళు తెల్లగానే ఉన్నాయి. నీ చెయ్యి ఊరుకుంటే బతుకుతుంది."

లోతైన కుండీలో, నీళ్ళు నిలవని గరుకు మట్టిలో ఆమె మొక్కను నాటుతోంది. ఒక చిగురు పక్కకు వంగి కనబడింది. ఆయన చెయ్యి జేబులోకి పోయింది.

"చాలు," అంది మరదలు, తలెత్తకుండానే.

అచ్చం వాళ్ళక్క గొంతే. ఆ మాట వినక మూడేళ్ళు దాటింది. అలా అనేవాళ్ళు లేక, ఈ మధ్య సెలూన్‌కొచ్చినవాళ్ళు అద్దంలో చూసుకుని తల తడుముకుంటున్నారు కూడా.

"మళ్ళీ అను," అన్నాడు.

"ఏమని?"

"ఏం లేదులే." చిన్న కత్తెర తీసి ఆమె బల్లమీద పెట్టి, కుండీ ఎత్తుకుని వచ్చేశాడు.

ఇప్పుడు మేపుల్ సెలూన్ గుమ్మం పక్కన, నీడలో, దిక్కుకో కొమ్మగా పెరుగుతోంది. "ముందు దానికి చెయ్యి కత్తెరాయనా, తర్వాత నాకు," అంటారు వచ్చినవాళ్ళు. ఆకులు ఎర్రబడే కాలానికి ఇంకా రెండు నెలలుంది. మధ్యాహ్నం క్యారియర్ విప్పేముందు ఆయన దాని ముందు ఒక్క నిమిషం నిలబడతాడు, ఎడంపక్కన ఇంకొక మనిషి పట్టేంత చోటు వదిలి.