అమ్మకు రాని భాషలో ఒక మాట

దెయ్యాలున్నాయంటే నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పినదాన్ని. కాలనీలో ఎవరికైనా పూనకం వచ్చిందంటే ముందు బీపీ చూపించమనే రకం. అందుకే ఈ సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు కాస్త మొహమాటంగానే ఉంటుంది.

తొంభైల చివర్లో జరిగింది. నగరం శివార్లలో, తూంకుంటలో కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకుని అప్పటికి రెండేళ్లు. మాది కోనసీమ. అమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక అంబులెన్సులో పడుకోబెట్టి మా దగ్గరికి తెచ్చుకున్నాం. అరగంట మించి కూర్చోలేదు, బస్సూ రైలూ కుదరవు. అక్కడ అమలాపురం పక్కన ఉండే మా పిన్నికేమో కంటి నరం దెబ్బతిని చూపు తగ్గిపోతోంది. వేసవి దాటితే చెప్పలేనన్నాడట డాక్టరు.

ప్రతి ఆదివారం అక్కచెల్లెళ్లిద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. నీ మొహం ఒక్కసారి చూడాలే అక్కా అనేది పిన్ని. ఫోన్ పెట్టేశాక అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది.

అది చూడలేక మావారు ఒక పాత డీజిల్ వ్యాను కొనుక్కొచ్చారు. వెనక సీట్లు పీకించి వడ్రంగి చేత మంచం బిగించారు. కిటికీలకి తెరలు, ఒక మూల చిన్న స్టవ్, నీళ్ల క్యాను. కాలనీ పిల్లలు దాన్ని చక్రాలిల్లు అనేవాళ్లు. అమ్మ మాత్రం నా పల్లకీ అంది. ఎక్కి పడుకుని, ఇంక దిగనని మారాం చేసింది కూడా.

పల్లకీ బాగానే ఉంది గానీ ఇంజను వేడెక్కిపోయేది. ఇంటి ముందు గంటసేపు స్టార్ట్ చేసి ఉంచినా ఏమీ కాదు. రోడ్డెక్కి కాస్త వేగం అందుకుంటే చాలు, శామీర్‌పేట చెరువు దాటేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి వెళ్లేది. బండి ఆపి పావుగంట ఆగితే మళ్లీ మామూలే. నేను ఒక నోటుబుక్కు పెట్టి, ఎన్ని కిలోమీటర్లకి ముల్లు ఎక్కడుందో రాసేదాన్ని. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది.

కాలేజీలో ఒకాయన చెబితే అత్వెల్లి నుంచి మెకానిక్ జహంగీర్‌ని పిలిపించాం. నలభై ఏళ్లుంటాయి. రోడ్డు పక్క రేకుల షెడ్డు ఆయనది. అంతకుముందు వాళ్ల నాన్న నడిపేవాడట, పోయి ఆరేళ్లయింది. జహంగీర్ మాట తక్కువ, పని శుభ్రం. రేడియేటర్ విప్పి కడిగించాడు. మూత మార్చాడు. ఫ్యాన్ బెల్టు బిగించాడు. థర్మోస్టాట్ వాల్వ్ తీసేసి చూశాడు. ఇంజను లోపల పగిలిన గుర్తులేవీ లేవు: నీళ్లలో నూనె లేదు, పొగ తెల్లగా లేదు. మూడుసార్లు ప్రయాణం పెట్టుకున్నాం, మూడుసార్లూ మానుకున్నాం. పిన్నికి ఫోన్ చేసి చెప్పడం నా వంతు.

మార్చి చివర్లో ఒక ఆదివారం పొద్దున జహంగీర్ స్వయంగా బండిలో కూర్చుని చూస్తానన్నాడు. తనూ వస్తానంది అమ్మ. మావారు నడుపుతున్నారు, జహంగీర్ పక్కన కూర్చున్నాడు, నేను వెనక అమ్మ మంచం దగ్గర. చెరువు దాటగానే ముల్లు లేచింది. బండి పక్కకి తీసి ఆపాం.

ఆ బండికి ఇంజను ముందు సీట్ల మధ్యే ఉంటుంది. జహంగీర్ మూత తీసి చూశాడు, కిందికి దూరి చూశాడు, పైపులు నొక్కి చూశాడు. చివరికి చేతులు తుడుచుకుంటూ మావారితో అన్నాడు.

"ఇగ ఇంజన్ హెడ్డు ఇప్పాల్సిందే సార్. ఇరవై దినాలన్న పడ్తది. నాకైతే ఇంకోటి సమజైతలేదు."

ఇరవై రోజులంటే ఏప్రిల్ సగం. నేను అమ్మ వైపు చూశాను. కళ్లు మూసుకునే ఉంది, నిద్రపోతోందనుకున్నాను. అప్పుడే పెదాలు కదిలాయి.

"బుల్బుల్, నీచే కా పైప్ దేఖ్. అందర్ స్ప్రింగ్ నై హై."

అంతే. గట్టిగా కాదు. కింది పైపు చూడు, లోపల స్ప్రింగ్ లేదు అని పక్కనున్నవాడికి ఉర్దూలో పని చెప్పినట్టు మామూలుగా అంది. గొంతు అమ్మదే, పలుకు మాత్రం కాదు.

జహంగీర్ చేతిలో గుడ్డ జారిపోయింది. నేను అమ్మని పిలిచాను, పలకలేదు. సన్నగా గురక. ఏం అర్థమైందో ఏమో జహంగీర్ మళ్లీ బండి కిందికి దూరాడు. ఇంజను వేగం పెంచమని లోపల్నించి అరిచాడు. నేనూ దిగి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని రోడ్డు మీద వంగి చూశాను.

రేడియేటర్ అడుగునుంచి ఇంజనుకి వెళ్లే లావు రబ్బరు పైపు అది. ఇంజను వేగం అందుకోగానే ఎవరో పీల్చేసినట్టు పైపు చదునుగా అతుక్కుపోయింది. వేగం తగ్గించగానే మళ్లీ గుండ్రంగా ఉబ్బింది. మావారు మూడుసార్లు పెంచారు, మూడుసార్లూ అంతే. వేడికి రబ్బరు మెత్తబడ్డాక పంపు దాన్ని పీల్చేస్తోంది, నీళ్లు తిరగడం ఆగిపోతోంది. పైపు నలగకుండా లోపల ఒక తీగ స్ప్రింగ్ ఉండాలి. అది లేదు. బండి ఆపి చూసినవాడికి ఏ లోపమూ కనబడదు.

జహంగీర్ బయటికొచ్చి రోడ్డు పక్కనే చతికిలబడ్డాడు. నవ్వుతున్నాడు, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. అడిగితే నెమ్మదిగా చెప్పాడు. చిన్నప్పుడు షెడ్డులో పనిచేస్తూ ఎప్పుడూ ఈల వేసేవాడట. అందుకని వాళ్ల నాన్న ఆ పిట్ట పేరుతో బుల్బుల్ అని పిలిచేవాడు.

"పెద్దగైనంక షెడ్డుకొచ్చే గిరాకీల ముంగట అట్ల పిలువొద్దని నేనే అన్న. గా దినం నుంచి బాపు పిలువలే. పోయేదాక పిలువలే."

ఆ పేరు తన భార్యకి కూడా తెలీదన్నాడు.

ఇంతలో అమ్మ లేచి, ఏమ్మా బయల్దేరలేదా ఇంకా అని అడిగింది. ఏమన్నావో గుర్తుందా అంటే, నేనేమన్నానే, నిద్రపోయానుగా అంది. అమ్మకి ఉర్దూ ఒక్క ముక్క రాదు. మా ఊరు దాటి వచ్చి అప్పటికి మూడు నెలలు కాలేదు. జహంగీర్ షెడ్డు ఎప్పుడూ చూడలేదు. వచ్చే దారిలో ఎవరూ ఆ పైపు ఊసెత్తలేదు. వీటన్నిటినీ నేను ఆ రాత్రే నోటుబుక్కులో రాసిపెట్టాను.

జహంగీర్ బస్సెక్కి మేడ్చల్ వెళ్లి, స్ప్రింగున్న కొత్త పైపు తెచ్చి ఆ రోడ్డు పక్కనే బిగించాడు. సాయంత్రం నాలుగింటికి బండి కదిలింది. ముల్లు సగానికి వచ్చి ఆగిపోయింది. శామీర్‌పేట దాటినా అక్కడే. ఇంటికి పోవాలనిపించక ముప్పై కిలోమీటర్లు ఊరికే తిరిగాం. రోడ్డు పక్క బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కొనుక్కుని నలుగురం వ్యాన్లోనే తిన్నాం. అమ్మ మంచం మీదినుంచే జహంగీర్‌కి కొసరి కొసరి పెట్టింది. ఆయన వద్దనకుండా అన్నీ తిన్నాడు, దారంతా ఈల వేశాడు.

ఆ వారమే కోనసీమ వెళ్లాం. పిన్ని వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. వ్యాన్లోకి ఎక్కి, అమ్మ మొహం వెలుతురువైపు తిప్పి, గెడ్డం పట్టుకుని, ముక్కు దగ్గరికి మొహం తెచ్చి చూసింది. ముసలైపోయావే అక్కా అంది. నువ్వేదో పడుచుపిల్లవి మరి అంది అమ్మ. ఇద్దరూ పగలబడి నవ్వుతుంటే వీధంతా వచ్చింది. వారం అనుకున్నవాళ్లం నెల ఉండిపోయాం.

తిరిగొచ్చాక జహంగీర్ వాళ్లమ్మని మా ఇంటికి తీసుకొచ్చాడు. ఇద్దరు పెద్దవాళ్లకీ ఒకరి మాట ఒకరికి రాదు. అయినా మధ్యాహ్నమంతా చేతులు పట్టుకుని కూర్చున్నారు. అమ్మ మళ్లీ ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

ఆ తర్వాత ఒకసారి అత్వెల్లి మీదుగా వెళ్తుంటే షెడ్డుకి కొత్త బోర్డు కనబడి ఆగాను. పసుప్పచ్చ మీద ఎర్రటి అక్షరాలు: బుల్బుల్ గ్యారేజీ. లారీ డ్రైవర్లు బుల్బుల్ భాయ్ అని పిలుస్తున్నారు, ఆయన పలుకుతున్నాడు. ఈ పేరేందని ఎవరో అడిగితే, నన్ను చూపించి మేడమ్ చెప్తదన్నాడు. అమ్మ అన్న మాట చెప్పి, పైపు ఎందుకు నలిగిందో వాళ్లకి వివరించాను. మరి ఆ మాట అమ్మ నోట ఎలా వచ్చిందని అడిగారు. నాకు తెలీదన్నాను. విన్నాను, అంతే.